తాటిచెట్లకు చూపిన దీపాలు

ఆ బస్సుకు ముందు రెండు దీపాలుండేవి. ఆ రెండూ రోడ్డును చూసేవి కావు, కాలువ గట్టున వరసగా నిలబడ్డ తాటిచెట్ల తలలను చూసేవి. తెల్లవారుజామున చీకటుండగానే ఆ బస్సు బెజవాడకు వస్తుంటే మట్టిరోడ్డూ, గుంటలూ, ఎదురొచ్చే ఎద్దుబండీ, పక్కన నడిచే మనిషీ అన్నీ చీకట్లోనే ఉండేవి. పైన తాటాకులు మాత్రం పెళ్లిపందిరిలా వెలిగేవి. దేవుడి పేరు చెప్పి మనుషులు చేసే పనుల మీద నేను చాలా ఏళ్లు మాట్లాడాను, రాశాను, తిట్లు తిన్నాను. అయితే మనిషి బుద్ధి మీద నాకున్న నమ్మకం చెడింది గుడి దగ్గర కాదు, ఆ దీపాల దగ్గర.

బస్సు నడిపేది మా బావ, అంటే మా అక్క భర్త. మాది కాలువ ఒడ్డున మగ్గాల ఊరు. బావ కూడా మగ్గం గుంటలో పెరిగినవాడే. యుద్ధంలో నూలు దొరక్క మగ్గాలు ఆగిపోయినప్పుడు బెజవాడ వచ్చి, డ్రైవింగు నేర్చుకుని, భవానీపురంలో ఒక పెంకుటింట్లో కాపురం పెట్టాడు. సాయంత్రం బెజవాడలో జనాన్ని ఎక్కించుకుని, మా ఊరి మీదుగా కాలువ చివరి రేవు దాకా వెళ్లేవాడు. రాత్రికి అక్కడే పడుకుని, తెల్లారకముందే తిరిగి బయల్దేరేవాడు. నేను అప్పుడు బెజవాడలో ఒక అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దేవాణ్ణి. సెలవు రోజుల్లో హేతువాద మిత్రులతో కలిసి సభలు పెట్టేవాణ్ణి. ఎదుటివాణ్ణి ప్రశ్నల మీద ప్రశ్నలేసి మూలకు తొయ్యటం మాకు బాగా వచ్చిన విద్య. బావ ఆ సభలకు వచ్చి వెనక బెంచీ మీద కూర్చునేవాడు.

"ఎప్పుడు చూసినా మీరే గెలుస్తారేంట్రా? ఓడిపోయినోడు మాత్రం ఇక్కణ్ణించి నేరుగా గుడికే పోతన్నాడు" అని నవ్వేవాడు.

యుద్ధం రోజుల్లో విమానాల భయానికి బస్సు దీపాలకు రేకు మూతలు తొడిగించారు. మూతకున్న సన్నటి చీలికలోంచి వచ్చే వెలుగులో బావ మనిషి నడిచినంత మెల్లగా నడిపేవాడు. పెట్రోలు లేదు, బస్సు వెనక బొగ్గుపొయ్యి కట్టి, ఆ గ్యాసుతో నడపాలి. పొగ, మసి, ఆలస్యం. అయినా ఆ కాలంలో గట్టు మీద ఒక్క బండికీ దెబ్బ తగల్లేదు. యుద్ధం అయిపోగానే మూతలు తీసేశారు, పెట్రోలు కరువు తీరక పొయ్యి మాత్రం ఉండిపోయింది. ఆ ఏడాదే ఇంకో ఆసామి అదే దారిలో ఇంకో బస్సు వేశాడు. అప్పుడు మొదలైంది ఈ పైకెత్తటం.

మా ఊరివాళ్లెవరూ చలిలో రోడ్డు మీదికొచ్చి బస్సు కోసం కాచుకునేవాళ్లు కాదు. బెజవాడకు బట్టల మూటలు తీసుకెళ్లేవాళ్లు, ఆసుపత్రికి పోయేవాళ్లు, కోర్టు పని ఉన్నవాళ్లు ఎవరి అరుగుల మీద వాళ్లు కూర్చుని తాటితలల వైపు చూసేవాళ్లు. దూరాన తాటాకులు వెలగ్గానే "బస్సొస్తంది, లేవండి" అని కేకేసుకుని, తలుపులకు తాళాలేసి, తీరిగ్గా రోడ్డెక్కేవాళ్లు. దీపాలు ఎంత పైకుంటే వెలుగు అంత ముందుగా కనపడుతుంది. ఏ బస్సు వెలుగు ముందుగా కనపడితే ఆ బస్సుకు జనం సిద్ధంగా ఉంటారు. దాంతో ఒక యజమాని దీపాల ముఖాలు కాస్త పైకెత్తిస్తే రెండో యజమాని ఇంకాస్త ఎత్తించాడు. కొన్ని నెలలకు రెండు బస్సులూ ఆకాశంలో దొంగల్ని వెతుకుతున్నట్టు తయారయ్యాయి.

దీనివల్ల కష్టం బండివాళ్లకు. బస్సు దూరాన ఉన్నప్పుడు వెలుగు సూటిగా వచ్చి ఎద్దుల కళ్లలో, తోలేవాడి కళ్లలో పడుతుంది. దగ్గరికొచ్చేసరికి అదే వెలుగు వాళ్ల తలల మీదుగా పోతుంది, కింద కటిక చీకటి. అప్పుడు బండివాడికి బస్సు కనపడదు, బస్సువాడికి బండి కనపడదు. ఊరికి బెజవాడ వైపున కాలువ మలుపు తిరిగేచోట రోడ్డు మరీ ఇరుకు. అక్కడ ఒక గడ్డిబండి కాలువలోకి ఒరిగింది. తర్వాత ఇంకో బండి మునిగి, దానికి కట్టిన ఎద్దు చచ్చిపోయింది. మా ఊరివాళ్లు ఆ మలుపులో ఒక రాయి నిలబెట్టి, పసుపు పూసి, అమ్మవారు బలి అడుగుతోందని తేల్చారు.

ఎద్దు చచ్చిపోయిన మర్నాడు బావ నా గదికి వచ్చాడు. కూర్చోలేదు.

"నా బస్సు వల్ల మనిషి పోకూడదురా. అంతకన్నా నాకేం వద్దు. ఎద్దు పోయింది, రేపు దాన్ని తోలేవాడు పోతాడు. ఆ దీపాలు దించుదాం పద" అన్నాడు.

"యజమాని ఒప్పుకున్నాడా?"

"అడిగితే గదా ఒప్పుకోకపోవటానికి."

ఆ సాయంత్రం ఒక బియ్యం మిల్లు గోడకు ఎదురుగా, నాలుగు బారల దూరంలో, చదునైన చోట బస్సు ఆపాడు. దీపం నేలకు ఎంత ఎత్తులో ఉందో తాడుతో కొలిచి, గోడ మీద అదే ఎత్తున సుద్దతో అడ్డంగా ఒక గీత గీశాడు. వెలుగులో బాగా తెల్లగా ఉన్న భాగం ఆ గీతకు జానెడు కింద పడాలి. ఒక దీపానికి గోనెసంచి కప్పి రెండోదాన్ని సరిచెయ్యాలి. తర్వాత దీన్ని కప్పి దాన్ని. దీపం కింద నట్టు వదులు చేసి, చేత్తో వంచి, మళ్లీ బిగించటమే పని. నేను గోడ దగ్గర నిలబడి "ఇంకా దించు, ఇంకా" అంటున్నాను.

"ఖాళీ బస్సుతో చూస్తే లాభం లేదు" అన్నాడు బావ. "వెనక పొయ్యి బరువుంది. జనం కూడా ఎక్కారంటే వెనక కుంగి ముక్కు పైకి లేస్తంది. మనుషులు కావాలి."

బస్టాండు వైపు నడుస్తున్నవాళ్లను పిలిచి వెనక సీట్లలో కూర్చోబెట్టాడు. దారినపోయే ఇంకొంతమంది ఊరికే కూర్చోవచ్చని విని ఎక్కేశారు. ఒక ముసలమ్మ చాలాసేపు బుట్ట ఒళ్లో పెట్టుకుని కూర్చుని, చివరికి కిటికీలోంచి తల బయటపెట్టింది.

"ఏం నాయనా, గోడ అడ్డమొచ్చిందని ఆపావా? పక్కనించి పోవచ్చు గదా."

అందరూ నవ్వారు. బావ ఆమెకు సుద్దగీత చూపించి విషయం చెప్పాడు. "అయితే ఇన్నాళ్లూ చూడకుండానే తోలావా తండ్రీ?" అందామె. బావ దానికి మాత్రం నవ్వలేదు.

దీపాలు దించటంలో రహస్యమేమీ లేదని చెప్పటానికే నేను ఇంత వివరంగా రాస్తున్నాను. డ్రైవర్లకు తెలుసు, మిస్త్రీలకు తెలుసు, యజమానులకు తెలుసు. మనుషులు తెలియక తప్పు చేస్తారు, తెలియజెబితే మానుకుంటారు అన్నది మా సభలన్నింటికీ పునాది. ఇక్కడ తెలియనివాడు ఒక్కడూ లేడు.

దీపాలు కిందికుండి బస్సు నడిచింది ఒక్క వారమే. ఆ వారం బావ హాయిగా నడిపాడు. ఎదురొచ్చే బండివాళ్లు చెయ్యెత్తి పలకరించి పోతున్నారని అక్కకు చెప్పాడట. వారం తిరిగేసరికి యజమాని బస్టాండుకు వచ్చాడు. ఖద్దరు చొక్కా, చేతిలో వెండి పొడుంకాయ, ఎవరినీ గట్టిగా ఏమీ అనని మనిషి.

"ఏమయ్యా డ్రైవరూ, మన బస్సు చాటుమాటుగా వస్తందని చెప్పుకుంటన్నారు. జనం ఇళ్లల్లోనే ఉండగా దాటిపోతన్నావంట?"

"హారను కొడతన్నానండీ."

"వెనకమాలొచ్చేవాడు దీపం చూపిస్తన్నాడు. నువ్వు హారను కొడతన్నావు." నా వైపు తిరిగాడు. "నాస్తికం గారూ, తమ సలహాయేనా ఇది?"

"నాస్తికానికీ నట్టుకూ సంబంధం లేదండీ. ఎద్దు చచ్చిపోయింది. రేపు మనిషి పోతే?"

"నేనొక్కణ్ణే దించితే పొయ్యేవాడు పోకుండా ఉంటాడా? ఆ బస్సు దీపాలు పైనే ఉన్నాయి గదా. వాణ్ణి దించమనండి, నేనూ దించుతా."

రెండో యజమాని దగ్గరికి వెళితే ఆయనా అక్షరం పొల్లుపోకుండా ఇదే మాట అన్నాడు. దీపాలు మళ్లీ పైకి లేచాయి.

ఇక ఊరితోనే తేల్చుకుందామని, ఒక ఆదివారం మా ఊరి సత్రం అరుగు మీద జనాన్ని కూర్చోబెట్టాను. నా జీవితంలో అంత చక్కగా ఎప్పుడూ వాదించలేదు. నేల మీద బొగ్గుతో బొమ్మ గీశాను. వెలుగు ఎటు పోతుందో, కన్ను ఎందుకు చెదురుతుందో చెప్పాను. చచ్చిపోయిన ఎద్దును అమ్మవారు అడిగితే, బస్సుకు రేకు మూతలున్నన్నాళ్లూ ఆమెకు ఆకలి ఎందుకు వెయ్యలేదని అడిగాను. కొందరు తలూపారు.

"బెజవాడలో దేవుడి పని పూర్తయిందా, మా బస్సు మీద పడ్డావు?" అన్నాడు ఊరి పెద్ద. ఆయన మాటలో కోపం లేదు.

"బస్సు మీద కాదండీ, దీపం మీద."

"దీపం దించితే బస్సొచ్చిందని నాకెట్టా తెలుసుద్ది?" అంది అరుగు చివర కూర్చున్న ఒక పెద్దావిడ.

"హారను వినపడుతుంది."

"అది వినపడేసరికి బస్సు కాలువ లాకు దాటుద్ది. నేను చుట్ట ముట్టించుకోవాలా, తాళమెయ్యాలా, కోడిని గంప కింద పెట్టాలా? నీ కోసం చీకట్లో రోడ్డు మీద జాగారం చెయ్యమంటావా?"

నవ్వులు మొదలయ్యాయి. బెజవాడ నుంచి ఊరికి నూలు తోలే బండివాడు ఆ జనంలోనే ఉన్నాడు. ఎండకు ఎద్దులు అలసిపోతాయని అతను చీకటిపూట తోలేవాడు. వారంలో చాలాసార్లు బావ బస్సుకు ఆ మలుపులోనే ఎదురయ్యేవాడు. అతని చేత చెప్పిస్తే ఊరు వింటుందనుకున్నాను.

"నువ్వు చెప్పు. వెలుగు పడితే ఏమవుతోంది?"

అతను లేచి నిలబడి తలపాగా సర్దుకున్నాడు. "నిజమేనండీ. కళ్లు బైర్లు కమ్ముతన్నయి. ఎద్దులు మొండికేస్తన్నయి. అందుకే నేను దిగి, కాడి ముందు నిలబడి, వాటి మొహాలకి తువ్వాలు కప్పి పట్టుకుంటన్నాను. బస్సు పోయిందాకా అట్టా ఉంటే ఏం కాదండీ."

"నీకేమన్నా అయితే?"

"ఊరంతటికీ అక్కరకొచ్చేదాన్ని నా ఎద్దుల కోసం తియ్యమంటానా అండీ? బాగుండదు" అని కూర్చున్నాడు.

సభ అక్కడే అయిపోయింది. వాదంలో ఎవరూ నన్ను ఓడించలేదు. ఊరు మాత్రం మేకను కొయ్యటానికి తీర్మానించింది. మేకను మా బస్సు యజమానే ఇప్పించాడు; రెండో యజమాని ఊరుకోలేక డప్పులవాళ్లను పంపాడు. మలుపులో బలి ఇచ్చి, రెండు బస్సుల దీపాల అద్దాలకూ పసుపు రాసి, బొట్లు పెట్టారు. ఒక్క నట్టు తిప్పితే అయ్యే పనికి ఒక జంతువు మెడ తెగింది. ఆ మాట నేను పైకే అన్నాను. "నోరు కడుక్కో" అన్నారు.

చలి బాగా ముదిరాక ఒకసారి అమ్మను చూడటానికి ఊరికి వెళ్లి, తెల్లవారుజామున బావ బస్సులోనే తిరిగి బయల్దేరాను. డ్రైవరు పక్క సీటులో కూర్చున్నాను. మంచు పట్టి ఉంది. నాకు ఎదురుగా తాటాకులు, వాటి మధ్య వేలాడే గిజిగాడి గూళ్లు ఒక్కొక్కటీ లెక్కపెట్టేంత స్పష్టంగా కనపడుతున్నాయి. రోడ్డు మాత్రం లేదు. బావ దాదాపు గుర్తుతోనే నడుపుతున్నాడు. మలుపు దగ్గర వేగం తగ్గించి హారను కొట్టాడు. ఎదురుగా ఎక్కడో ఎద్దు మెడగంట మోగి, ఆగిపోయింది.

"దిగి పట్టుకున్నట్టున్నాడు" అన్నాడు బావ. ఇంకా మెల్లగా పోనిచ్చాడు.

తర్వాత జరిగింది నేను చూడలేదు. చూడగలిగే వెలుతురు లేదు. ఎద్దులు రంకె వేశాయి, కర్ర విరిగిన చప్పుడు, ఆ వెంటనే నీళ్ల చప్పుడు. బస్సు దేనికీ తగల్లేదు. బావ బ్రేకు వేసి, దూకి, గట్టు దిగి కాలువలో పడ్డాడు. మేమంతా లాంతరు వెతికి వెలిగించి దిగేసరికి, ఆయన రొమ్ములోతు నీళ్లలో నిలబడి బండి చక్రాన్ని భుజంతో ఎత్తటానికి ప్రయత్నిస్తున్నాడు. నూలు కట్టలు నీళ్లు తాగి రాళ్లలాగా అయ్యాయి. ఎద్దుల ముందు నిలబడ్డ మనిషి ఎద్దుల కిందే పడి, బండి కింద ఉండిపోయాడు. పదిమందిమి కలిసి తీసేసరికి ప్రాణం లేదు. తువ్వాలు అతని గుప్పిట్లోనే ఉంది.

గట్టు మీద నిలబడ్డవాళ్లలో ముందుగా ఎవరో అన్నారు: "మేక చాల్లేదు అమ్మకి."

ఆ మాటతో ఊరు కుదుటపడింది. పోలీసులు వచ్చి, ఎద్దులు బెదిరాయని రాసుకుని పోయారు. అది అబద్ధం కాదు కూడా. బెదిరించిందేమిటని ఎవరూ అడగలేదు. నేను అడిగాను, ఊరి పెద్దనూ, పోలీసులనూ, యజమానినీ. ఒక్కొక్కరి ముఖం మీదే అడిగాను. వాళ్లు నన్ను జ్వరంతో మాట్లాడేవాడిని చూసినట్టు చూశారు.

భవానీపురం వెళితే అక్క నన్ను వాకిట్లోనే ఆపింది.

"లోపలికి రాబాక. మీ బావ ఇప్పుడే నాలుగు మెతుకులు తింటన్నారు."

"నేనేం చేశానే?"

"నువ్వేం చెయ్యలేదు. అమ్మవారు తీసుకుందని ఊరంతా చెప్తే, నిన్నటినించీ ఆ మాట మీద ఒక ముద్ద నోట్లో పెట్టుకుంటన్నారు. ఇప్పుడు నువ్వొచ్చి దీపం అంటావు. అమ్మవారు కాకపోతే ఇంకెవరురా చంపింది? చెప్పు. ఆ దీపాలేసుకుని బస్సు తోలింది ఎవరు?"

"బావ తప్పు కాదక్కా. పైకెత్తించింది యజమాని, ఎత్తమంది ఊరు."

"అది నీకు సభలో చెప్పుకోవటానికి బాగుంటది. ఆ నీళ్లల్లో చక్రం ఎత్తింది ఊరా?"

అక్క చదువుకోలేదు. నేను ఎంతమంది పండితులతో వాదించినా ఇంత గట్టి ప్రశ్న నన్నెవరూ అడగలేదు. మలుపులో అమ్మవారు లేదని నాకు ఆనాడు తెలుసు, ఈనాడూ తెలుసు. ఆ అబద్ధం మీద మా ఊళ్లో ఇంకో మేక తెగింది, పొడుంకాయ పట్టిన యజమానులు ఇంకాస్త పుణ్యం కట్టుకున్నారు. అబద్ధం వల్ల ఒక మనిషి అన్నం తింటున్నాడంటే అది నిజం అయిపోదు. ఆ సంగతి ఆ వాకిట్లో అనలేక, చెప్పులేసుకుని వచ్చేశాను.

ఊహించనిది ఏమిటంటే, యజమాని మెత్తబడ్డాడు. పోలీసులను చూసి భయపడ్డాడో, నిద్ర పట్టలేదో తెలియదు. రెండో యజమానితో మాట్లాడి ఒప్పించుకుని, "సరే, ఇద్దరమూ దించుకుంటాం. మీ బావను చేసుకోమనండి" అని నాకే కబురు పంపాడు. ఆ కబురు వచ్చిన సాయంత్రం నేను పరుగులాంటి నడకతో బస్టాండుకు వెళ్లాను. ఇన్నాళ్ల తర్వాత ఒక్కచోటన్నా నిజం గెలిచిందని నా సంబరం. బావ బొగ్గుపొయ్యిలో బొగ్గు నింపుతున్నాడు. చెంపలు పీక్కుపోయి ఉన్నాయి.

"బావా, స్పానరు తియ్యండి. మిల్లు గోడ దగ్గరికి పోనివ్వండి. యజమాని సరే అన్నాడు."

ఆయన తల తిప్పలేదు. "తెలుసు. నాకూ చెప్పాడు."

"మరి?"

"పైకే ఉండనీ."

"దించితే రోడ్డు కనపడుతుంది కదా. మీరు అడిగింది అదేగా."

"అవున్రా. కనపడుద్ది. రోడ్డు కనపడుద్ది, గట్టంచు కనపడుద్ది, మలుపు కనపడుద్ది." పొయ్యి మూత బిగించాడు. "రోజూ రెండుసార్లు ఆ మలుపులోంచి పోవాలి నేను. అక్కడ నాకు ఏదీ కనపడకూడదు. ఆకులు కనపడితే చాలు."

"ఇంకో మనిషి పోతే?"

"నువ్వు వాదిస్తే నేను ఓడిపోతా. నాకు తెలుసు. వాదించబాక."

నా దగ్గర ఉన్న వాదాలన్నీ తెలియనివాళ్ల కోసం తయారు చేసుకున్నవి. తెలిసినవాడి కోసం దాచుకున్నది ఒక్కటీ లేదు. సీటు కిందనుంచి స్పానరు నేనే తీసి ముందుకు నడిచాను. ఆయన వచ్చి నా చేతిలోంచి దాన్ని తీసుకున్నాడు. లాక్కోలేదు, చిన్నపిల్లవాడి చేతిలోంచి కత్తి తీసినట్టు మెల్లగా వేళ్లు విప్పి తీసుకున్నాడు. జనం ఎక్కారు. బస్సు వెళ్లిపోయింది.

రెండో బస్సు దీపాలు దించుకున్నది ఆ కొద్దిరోజులే. మా బస్సు దించలేదు గనక అదీ మళ్లీ ఎత్తుకుంది. బావ ఆ దారిలో ఇంకా కొన్నేళ్లు నడిపాడు. మలుపు దగ్గర ప్రతిసారీ బస్సు ఆపి, దిగి, రాతికి దణ్ణం పెట్టి ఎక్కేవాడు. మా సభలకు మళ్లీ రాలేదు. ఆ కొన్నేళ్లలో ఆ మలుపులో ఇంకెవరూ పోలేదు. దానికి కారణం నాకు తెలియదు. ఊరు మాత్రం తనకు తెలుసంటుంది.